సెలవు దినాలలో కళాశాల

కాలేజీ అనే మాటకు మనవారు కళాశాల అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో శాస్త్రం లేదు, వాణిజ్యం లేదు, న్యాయం లేదు. కళ ఒక్కటే ఉన్నది. అరువది నాలుగు కళల సంప్రదాయాన్ని మనసులో ఉంచుకొని చూస్తే ఆ పేరు సమంజసమే. అయితే ఏ కళాశాల కాలపట్టికనైనా తీసి చూడండి. ఉదయం మొదటి గంట నుండి సాయంకాలం చివరి గంట వరకు ఆ పేరులోని మొదటి సగానికి చోటు కనిపించదు. నాటకం, సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, ముగ్గు, మట్టిబొమ్మ మొదలైనవి పాఠాలు సడలిన వారంలో, పరీక్షల ధ్యాస లేని రోజులలో, ముఖ్యంగా పండుగ సెలవులకు ముందు వెనుకల వచ్చి మరల వెళ్ళిపోతవి. కళాశాలలో కళ సెలవు దినాల అతిథి.

ఈ స్థితిని చూచి విచారించే వారున్నారు. నా ఉద్దేశం వేరు. ఆధునిక కాలంలో తెలుగు నాటకానికీ, చిత్రకళకూ కలిగిన మేలులో కొంత భాగం ఈ విరామకాలంలోనే జరిగింది. నేటికీ ఈ విరామకాలం చేయగల పని ఒకటి మిగిలి ఉన్నది. అది రాజధానుల నుండి చూస్తే బోధపడదు. తెలుగు పలుకు ఉండి, తెలుగు బడి లేనిచోట నిలబడి చూడవలె. అట్టి ఊళ్ళలో తర్లగూడ ఒకటి.

తర్లగూడ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, దక్షిణ బస్తరులోని బీజాపూర్ జిల్లాలో, భోపాలపట్నం తహసీలులో ఉన్నది. హైదరాబాదు నుండి భోపాలపట్నం పోయే 163వ సంఖ్య జాతీయ రహదారి భువనగిరి, జనగామ, వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరిని దాటి, వాజేడు ప్రాంతం గడచి, రాష్ట్రపు సరిహద్దు మీరగానే ఈ ఊరిని చేరుతుంది. గోదావరితో ఇంద్రావతి కలిసే భద్రకాళి కూడ ఈ ప్రాంతంలోనిదే. ఇక్కడ తెలుగు వినిపిస్తుంది. దోర్ల గిరిజనుల పలుకులో తెలుగు ఛాయలు దట్టంగా ఉన్నవి. కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఓరుగల్లు నుండి వచ్చి బస్తరు రాజ్యాన్ని స్థాపించెనని ఈ దేశపు ఐతిహ్యం. బస్తరు సంస్థానం 1948లో మధ్యపరగణాలలో విలీనమై, మధ్యప్రదేశ్‌లో భాగమై, 2000 నవంబరు 1వ తేదీ నుండి ఛత్తీస్‌గఢ్‌కు చెందింది. 1956లో భాషానుసారంగా రాష్ట్రాలను విభజించినప్పుడు గీచిన గీతలు తెలుగు పలుకు అంతమైన చోటనే సరిగా ఆగలేదు. ఆగడం సాధ్యమూ కాదు. ఆ గీతకు అవతల నిలిచిన ఊళ్ళలో బోధనభాష హిందీ, సంతభాష హల్బీయో గోండీయో తెలుగో, ఇంటిభాష తెలుగో దోర్లీయో అయి ఉంటుంది. ఒక బాలుడు దినానికి మూడు భాషలలో బ్రతుకుతాడు. వానిలో వ్రాయనూ చదువనూ నేర్పబడినది ఒక్కటే.

ఇట్టి ఊరి పిల్లవాడికి పండుగ సెలవులలో కళాశాల వేదిక మీద జరిగే ఒక నాటికగాని, ఒక పాటగాని ఏమవుతుందో చెప్పుటకు ముందు, ఈ వేదిక మనకు ఎట్లు సంక్రమించినదో కొంచెం జ్ఞాపకం చేసుకోవలసి ఉన్నది.

1880వ సంవత్సరంలో ధార్వాడ నాటక సమాజం వారు తెలుగు జిల్లాలలో ప్రదర్శనలిచ్చారు. వారు రాజమహేంద్రవరం విడిచిపోయిన తరువాత, అక్కడ తెలుగు పండితులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులనే నటులుగా చేసి నాటకాలాడించారు. షేక్స్పియరు హాస్యనాటకానికి అనుసరణమైన చమత్కార రత్నావళి, న్యాయస్థానాల లోపాలను ఎత్తిచూపే వ్యవహార ధర్మబోధిని ఈ సందర్భానికి చెందినవే. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన చరిత్రను ఇక్కడి నుండి ఆరంభించడం మనకు ఆచారం. ఈ ఆరంభంలో మనం తరచుగా గమనించని విశేషమొకటి ఉన్నది. మొదటి నటులు వృత్తి నటులు కారు, చదువుకొనే పిల్లలు. మొదటి నిర్వాహకుడు కంపెనీ యజమాని కాడు; ఉపాధ్యాయుడు. ఆ పిల్లల కోసం వ్రాసినందువల్లనే వ్యవహార ధర్మబోధినిలో వాడుకభాష ప్రవేశించిందని నేననను. కాని పంతులుగారు తమ కాలంలోనే వాడుక మాటలను నాటకంలోకి రానిచ్చుటకు ఆ వేదిక వీలు కల్పించిందని అనవచ్చును. పాఠ్యగ్రంథంలో ఆయన అంత స్వేచ్ఛ తీసుకొనగలిగి ఉండరు. తరగతిలో తప్పు అయ్యే మాట వేదిక మీద పాత్రోచితం అవుతుంది.

అదే రాజమహేంద్రవరంలో 1909 నుండి 1919 వరకు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే చిత్రకారుడు, కవి. ఆయన ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి కళాశాలకు వెళ్ళి చిత్రకళ అభ్యసించి తిరిగివచ్చి, 1925లో తన ఇరువది ఎనిమిదవ ఏట మరణించే లోపల ఒక ఆంధ్ర చిత్రకళా సంప్రదాయానికి పునాది వేశాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడ కూల్డ్రే శిష్యులే. చిత్రలేఖనం ఆ కళాశాలలో వారికి పరీక్షాంశం కాదు. గురువు తన తీరిక సమయాన్ని శిష్యుల తీరిక సమయంతో జోడించినందువల్ల జరిగిన పని అది. బందరులో 1910లో ప్రారంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల మాత్రం చిత్రకళను చదువులోనే చేర్చింది. ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు అక్కడ బోధించాడు. కొంతకాలం తరువాత బాపిరాజే ఆ కళాశాలకు ఆచార్యత్వం వహించాడు. అట్టి ప్రయత్నాలు మనదేశంలో అరుదు కనుకనే వాటిని ప్రత్యేకంగా పేర్కొనవలసి వస్తున్నది.

సెలవుకూ కళకూ గల సంబంధాన్ని ఒక సిద్ధాంతంగా గ్రహించినవాడు రవీంద్రనాథ ఠాకూరు. 1901లో శాంతినికేతనంలో ఆయన స్థాపించిన విద్యాలయానికి శరత్కాలంలో పూజా సెలవులు వచ్చేవి. 1908లో ఆయన శారదోత్సవమనే నాటకం వ్రాసి విద్యార్థుల చేత ఆడించాడు. ఆ నాటకం విషయమే సెలవు. సెలవు వచ్చిన పిల్లలు ప్రకృతిలో పడి ఆడుకొనడం, తన ప్రభువు ఋణం తీర్చుటకై ఒక బాలుడు ఆటలో చేరక పనిలో నిమగ్నుడై ఉండడం, పనికీ ఆనందానికీ విరోధం లేదని తేలడం అందులోని కథ. సెలవు పిల్లవాడికి ఇచ్చే శూన్యం కాదు, నింపుకొనుటకు ఇచ్చే పాత్ర అని ఆయన భావించాడు. ఆ భావమే తరువాత అక్కడి ఋతూత్సవాలకు మూలమయింది. 1919లో ఏర్పడిన కళాభవనం విద్యార్థులు, ఆచార్యులు ఆచార్య నందలాల్ బోసు జన్మదినమైన డిసెంబరు 3వ తేదీకి ముందు రెండు దినాలు నందన్ మేళా జరుపుతారు. తాము చేసిన చిత్రాలను, బొమ్మలను, చేతిపనులను అక్కడ అమ్మి, వచ్చిన ధనాన్ని విద్యార్థుల సహాయనిధికి చేర్చుతారు. మన తెలుగువారిలో బెజవాడ గోపాలరెడ్డిగారు శాంతినికేతనంలో చదువుకొని రవీంద్రుని రచనలను తెలుగులోనికి తెచ్చారు. మనం ఆ నాటకాలను తెచ్చుకున్నంత శ్రద్ధగా, వాటిని పుట్టించిన సెలవుల ఏర్పాటును తెచ్చుకొనలేదు.

ఇక ఈ పండుగల కాలంలో కళాశాలలో పని ఎట్లు జరుగుతుందో చూతము. బయటివారికి కనిపించేది ఒక సాయంకాలపు ప్రదర్శన. దాని వెనుక మూడు ఘట్టాలున్నవి. మొదటిది సెలవులకు ముందటి వారం. అప్పుడు అందరూ ఉంటారు. ఎవరికీ పాఠం మీద మనసు ఉండదు. తెలంగాణంలో బతుకమ్మ ఆట కళాశాలలలో సాధారణంగా ఈ వారంలోనే జరుగుతుంది. వసతిగృహాల విద్యార్థినులు ఊళ్ళకు పోకముందే అందరూ కలిసి ఆడుకొనడానికి అదే అదను. రెండవది సెలవుల నడిమి కాలం. వసతిగృహం ఖాళీ అవుతుంది. దూరపు ఊళ్ళవారు, ప్రయాణపు ఖర్చు భరించలేనివారు, ఇంటికి పోయి వచ్చుటకు వ్యవధి చాలనివారు మిగిలిపోతారు. మూడవది తిరిగివచ్చిన తరువాతి వారం. నేర్చినది అప్పుడు వేదిక ఎక్కుతుంది. ఈ మూడింటిలో రెండవ ఘట్టమే నాటకానికి ముఖ్యం. దినానికి అరగంట చొప్పున నెలరోజులు చేసిన అభ్యాసం కంటె, వరుసగా ఐదు దినాలు ఉదయం సాయంకాలం చేసిన అభ్యాసం నటులను ఎక్కువగా కలుపుతుంది. మాటలు కంఠస్థం కావడం వేరు. ఎదుటివాని మాటను విని జవాబు చెప్పడం వేరు. ఈ రెండవది తీరిక లేనిదే రాదు.

బతుకమ్మను నేను ఇక్కడ ఊరక పేర్కొనలేదు. రంగస్థల కళనూ దృశ్యకళనూ వేరు చేసి మాట్లాడడం మనకు పుస్తకాల వలన అలవడిన పద్ధతి. బతుకమ్మలో అవి విడివడి లేవు. భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మ నుండి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినాలు తంగేడు, గునుగు, బంతి, చామంతి వరుసలు వరుసలుగా పళ్ళెంలో పేర్చి గోపురంగా లేపడం శిల్పం. గునుగుపూలకు రంగులద్దడం చిత్రలేఖనం. దాని చుట్టు చప్పట్లతో వలయంగా తిరగడం నృత్యం. ఒకరు అందుకొంటే పదిమంది పలుకడం గానం. ఆ పాటలలో కథ ఉన్నది కనుక అది కావ్యం. 2014 నుండి అది తెలంగాణపు రాష్ట్రపండుగ. సంక్రాంతి ముగ్గులో కూడ ఇట్టి విద్యే కలదు. ముందు చుక్కల లెక్క, తరువాత గీత; చుక్క తప్పితే ముగ్గు మూయదు. గణితం తరగతిలో సౌష్ఠవమనే మాట విననివారు సైతం నేల మీద దానిని సాధిస్తారు. ఇవి రెండూ నిలిచి ఉండే కళలు కావు. పూలు నీటిలో కలుస్తవి, ముగ్గు అడుగుల కింద చెరిగిపోతుంది. అందువల్ల వీటిని కళాశాల గోడమీద వ్రేలాడదీసి బహుమతి ఇచ్చుట కష్టం. ఏటేట మరల చేయించడమే వీటిని భద్రపరచే పద్ధతి.

కళాశాలల పోటీలకు నేడున్న చట్రం కూడ రచయితలు తెలిసికొనదగినది. స్వాతంత్ర్యానంతరం కేంద్ర విద్యాశాఖ వారు 1954లో ఢిల్లీలో మొదటి అంతర్విశ్వవిద్యాలయ యువజనోత్సవం జరిపించారు. ఇప్పుడు ఆ పని భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహిస్తున్నది. సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, లలితకళలు అని ఐదు శాఖలు. నాటకశాఖలో ఏకాంకిక, ప్రహసనం, మూకాభినయం, ధ్వన్యనుకరణం ఉన్నవి. లలితకళలలో అక్కడికక్కడ చిత్రం వేయుట, గోడపత్రం, వ్యంగ్యచిత్రం, మట్టిబొమ్మ, రంగవల్లి మొదలైనవి చేర్చారు. ఏకాంకికకు ముప్పది నిమిషాలు గడువు. తొమ్మిదిమంది నటులు, ముగ్గురు సహాయకులు. ప్రహసనానికి పది నిమిషాలు, ఆరుగురు నటులు. మూకాభినయానికి ఐదు నిమిషాలు.

ఈ అంకెలు కార్యాలయపు నియమాలుగా కనిపించవచ్చును. రచయితకు ఇవి ఛందస్సు వంటివి. ముప్పది నిమిషాలలో తొమ్మిదిమందిని మించకుండ కథ నడపవలెనంటే ఉపకథకు చోటు లేదు. కాలం మారుటకు తెర దించి ఎత్తుటకు వ్యవధి లేదు. ఒకే స్థలం, ఒకే సంఘటన, వెంటనే పట్టుకొనే ఆరంభం కావలె. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసిన కాలంలో మన వేదికకు రాత్రంతా ఆడే పద్యనాటకాలు పరిపాటి. అక్కడి నుండి ఏకాంకిక, నాటిక ఇంత వ్యాప్తి పొందడానికి పరిషత్తుల పోటీలతోపాటు కళాశాలల వార్షికోత్సవాలు కూడ కారణమయినవి. చదువుకొనే పిల్లవాడు ఒక రాత్రి మాత్రమే నటుడు. అతనికి రాగయుక్తంగా నూరు పద్యాలు పాడే శిక్షణ లేదు. చక్కగా మాట్లాడే శక్తి ఉన్నది. ఆ శక్తికి తగిన రచన ఏర్పడింది.

ఈ నియమాలలోనే మరొకటి అనువాదకుడినైన నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. నాటకం ప్రాంతీయభాషలో ఆడవచ్చును. అయితే న్యాయనిర్ణేతలకు కథాసారాన్ని హిందీలోనో ఆంగ్లంలోనో ఇవ్వవలె. ఆ ఒక పుట సారాంశాన్ని మన కళాశాలలలో చివరిక్షణాన ఎవరో ఒకరు గీకి ఇస్తారు. మూడు నెలల శ్రమ ఆ ఒక్క పుట గుండా పరీక్షకుని చేరుతున్నదని తలచరు. కథ చెప్పినంత మాత్రాన అది సారం కాదు. ఏ మాట దగ్గర ప్రేక్షకుడు నవ్వుతాడో, ఆ నవ్వు ఏ సామెత వలన కలుగుతుందో, పాత్రలు ఒకరినొకరు ‘నువ్వు’ నుండి ‘మీరు’కు ఎప్పుడు మారినారో సూచించకపోతే తెలుగు రానివాడు నాటకంలో సగం చూడడు. హిందీ బాగా వచ్చిన తెలుగువారు ఈ పనికి కావలె. అట్టివారు ఎక్కడ ఉన్నారు? తర్లగూడలో, భోపాలపట్నంలో, కొంటలో ఉన్నారు. మనం వారిని నటులుగా గాని, అనువాదకులుగా గాని పిలువలేదు.

పిలువలేకపోవడానికి కాలెండరు కూడ ఒక కారణం. ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి పెద్ద సెలవు. తెలంగాణంలో బతుకమ్మ, దసరా సెలవులు దీర్ఘం. ఛత్తీస్‌గఢ్‌లో దసరాకు, దీపావళికి, డిసెంబరు చివరి చలికాలానికి విడివిడిగా కొద్ది దినాల చొప్పున సెలవులిస్తారు. సంక్రాంతికి మన కోస్తాలోవలె ఊరు ఊరంతా కదలి ఇంటికి వచ్చే సెలవు అక్కడ లేదు. జనవరి 12, వివేకానందుల జయంతి, 1985 నుండి జాతీయ యువజన దినం. ఆ తేదీని ఆధారం చేసుకొని 1995 నుండి జాతీయ యువజనోత్సవం జరుగుతూ వచ్చింది. సరిగా ఆనాటికే తెలుగు విద్యార్థి భోగిమంట కోసం ఊరికి పోయి ఉంటాడు. బస్తరులో దసరా మరొక తీరుది. అక్కడ రావణవధ లేదు; దంతేశ్వరీదేవి ఉత్సవం శ్రావణ అమావాస్యనాడు మొదలై డెబ్బది ఐదు దినాలు సాగుతుంది. రథం చెక్కే వడ్రంగుల నుండి దానిని లాగే గిరిజనుల వరకు ఒక్కొక్క ఊరికి, ఒక్కొక్క కులానికి అందులో ఒక్కొక్క పని నియతమై ఉన్నది. రెండేండ్లకొకమారు మాఘ పూర్ణిమకు మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు బస్తరు నుండి కూడ జనం వస్తారు. అంటే సరిహద్దు ప్రజలకు పండుగలు మూడు వైపుల నుండి ఉన్నవి. అవి కలిసే కళాశాల వేదిక మాత్రం లేదు. పైగా దశాబ్దాల సాయుధ సంఘర్షణ వలన అడవి ప్రాంతాలలో రాత్రిపూట జనం గుమికూడి ఆటపాటలు చూచే అలవాటుకు విఘాతం కలిగింది. రాత్రి వేదిక పోయిన చోట పగటి వేదిక అవసరం హెచ్చుతుంది.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. కొంతకాలం క్రితం గోదావరి ప్రాంతపు కళాశాల ఒకటి దసరా సెలవులలో నేను అనువదించిన ఏకాంకికను అభ్యాసం చేయుటకు పూనుకున్నది. పేరు చెప్పను. సెలవులలో సభామందిరం తాళం తీయించే అధికారం ఎవరికున్నదో తేలక, భోజనశాల వసారాలో అభ్యాసం జరిగింది. వసతిగృహంలో మిగిలినవారే నటులు. వారిలో ఒకడు తర్లగూడ వైపు నుండి వచ్చిన విద్యార్థి. కంఠం చక్కనిది, మాటలో మన వైపు వినిపించని ఒక నిదానం ఉన్నది. మొదటి దినం తన భాగం చదువుతూ ‘అమ్మ ఒడిలో’ అనవలసిన చోట ‘అమ్మ ఓడిలో’ అన్నాడు. పక్కవారు నవ్వారు. అతడు సిగ్గుపడి కాగితం మడిచాడు. నేను ఆ కాగితం అడిగి తీసుకొని చూచాను. తన భాగాన్ని అంతటినీ నాగరి లిపిలో వ్రాసుకున్నాడు.

కారణం అప్పుడు అర్థమయింది. అతనికి తెలుగు వచ్చును. తెలుగు అక్షరాలు రావు. ఎవరిచేతనో చదివించుకొని, విన్నదానిని తనకు తెలిసిన లిపిలోనికి ఎక్కించుకున్నాడు. బడిలో నేర్పే హిందీ వ్రాతలో హ్రస్వమైన ఎకార ఒకారాలకు వేరు గుర్తులు లేవు. ‘ఒడి’, ‘ఓడి’ రెండూ ఒకే తీరుగా వ్రాయబడతవి; ‘ఎరుగు’కు ‘ఏరు’కు మొదటి అక్షరం ఒకటే. ళకారం కూడ హిందీ బడి నేర్పదు. అతని కాగితంలో ‘కళ’ ‘కల’గా ఉన్నది. కళాశాల కలాశాల అయింది. అయితే రెండవమారు చదివినప్పుడు అతనికి సాయం అక్కరలేకపోయింది. కన్ను ‘ఓడి’ అని చూచినా, చెవి ‘ఒడి’ అని సరిదిద్దింది. ఇంటిలో తల్లి నోట విన్న మాట అది.

ఆ సంఘటన తరువాత నేను చాల దినాలు ఆలోచించాను. అతని చెవి లిపి లోపాన్ని పూడ్చగలిగింది. ఆ చెవి ఇంటిలో తయారయినది. తరువాతి తరం ఇంటిలో కూడ బడిభాషే మాట్లాడితే, ఆ కాగితాన్ని సరిదిద్దే చెవి ఉండదు. ‘ఓడి’ అని ఉన్నదానిని ‘ఓడి’ అనే చదువుతారు. భాష పోవడం ఇట్లే జరుగుతుంది. హ్రస్వాలు ముందు పోతవి. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-అ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సదుపాయాలు కల్పించుటకు రాష్ట్రాలు ప్రయత్నించవలెనని చెప్పుచున్నది. ఆ ప్రయత్నం ఎంత దూరం సాగవలెనో ప్రభుత్వాలు చూచుకొనవలె. రచయితలు ప్రభుత్వం కోసం కాచుకొని ఉండనక్కరలేని మార్గం ఒకటి ఉన్నది. పండుగ సెలవులలో ఐదు దినాల అభ్యాసం, ఒక సాయంకాలపు నాటకం ఆ మార్గం.

నాటకం భాషను నేర్పే పద్ధతికి తరగతిలో సాటి లేదు. నటుడు ఒక వాక్యాన్ని ఏబదిమార్లు పలుకుతాడు. ప్రతిమారు దానికి ఒక కారణం ఉంటుంది. పలికినది ఎదుటివానికి తగిలినదో లేదో అప్పటికప్పుడు తెలుస్తుంది. ఆ విద్యార్థి ఐదవ దినానికి తన భాగాన్ని మరల వ్రాసుకున్నాడు, ఈమారు తెలుగు అక్షరాలలో. స్నేహితుడొకడు తెర మీద ఊరిపేరు వ్రాస్తుంటే పక్కన కూర్చొని కుంచెతో అక్షరాలు దిద్దాడు. అతడు మొదట నేర్చిన తెలుగు అక్షరాలు నాటకపు తెర మీదివి. దృశ్యకళ, రంగకళ, భాష మూడూ అక్కడ ఒకే పని అయినవి. ఇట్టి ఫలితం కలుగునని నేను ముందుగా తలచలేదు. నేను కేవలం ఉచ్చారణ సరిదిద్దబోయినాను.

ఒక అభ్యంతరం సహజం. దోర్లీ, గోండీ, హల్బీ పలుకులున్న చోట తెలుగు నాటకం తీసుకొనిపోవడం మరొక పెద్దభాషను రుద్దడం కాదా? అవును, అట్లు తీసుకొనిపోతే అంతే అగును. అందుకనే అచ్చుపుస్తకపు తెలుగును అక్కడికి మోయవద్దని నా మనవి. ఆ ప్రాంతపు తెలుగులో, దోర్లీ పలుకుల ఒరపుతో, అవసరమైన చోట పాత్రలు తమ తమ భాషలలోనే మాట్లాడే ఏకాంకికలు కావలె. సంతలో జరిగే కథలో ముగ్గురు మూడు భాషలు మాట్లాడడం అక్కడ వింత కాదు, నిత్యం జరిగేది. మన నాటకాలలోనే అది వింత. రచయితకు ఇది నష్టం కాదు, కొత్త సాధనం. ఆ భాషలు తెలియనివారు ఆ ఊళ్ళ యువకులతో కలిసి వ్రాయవలె; పేరు ఇద్దరిదీ వేయవలె.

సంస్థల విషయానికి వస్తే, ఛత్తీస్‌గఢ్‌లోనే ఖైరాగఢ్‌లో సంగీత లలితకళల కోసమే 1956లో ఏర్పడిన ఇందిరా కళాసంగీత విశ్వవిద్యాలయం ఉన్నది. ఖైరాగఢ్ రాజదంపతులు తమ కుమార్తె పేర రాజభవనాన్ని ఇచ్చి దానిని నెలకొల్పినారు. ఈ పక్క ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. 2024లో తరగతులు మొదలయినవి. తర్లగూడకు దారి ఆ ములుగు మీదుగానే పోతుంది. ఒకటి కళలలో అనుభవం గలది. రెండవది సరిహద్దుకు సమీపమైనది. సెలవులలో ఈ రెండింటి విద్యార్థులు ఒకచోట వారం దినాలు కలిసి పనిచేయుటకు పెద్ద ధనం అక్కరలేదు. అనుమతి, తాళంచెవి, భోజనం కావలె.

రచయితలు చేయదగిన పనులను క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ముప్పది నిమిషాలకు మించని, తొమ్మిదిమందికి లోబడిన, భోజనశాల వసారాలో సైతం ఆడదగిన ఏకాంకికలు వ్రాయండి. వ్రాసిన దానికి హిందీ సారాంశాన్ని మీరే, లేదా మీకు నమ్మకమైన అనువాదకుని చేత, శ్రద్ధగా సిద్ధం చేయించండి. తెలుగు లిపి రాని నటుల కోసం నాగరిలో ప్రతి ఒకటి వేయవలసివస్తే, హ్రస్వ ఎకార ఒకారాలకు, ళకారానికి వేరు గుర్తులు పెట్టించండి; పక్కనే తెలుగు అక్షరాలను పెద్దవిగా ముద్రించండి. కన్ను ఒక పుట నుండి మరొక పుటకు తానే నడచిపోతుంది. ప్రదర్శన ముగిసిన తరువాత ఆ వ్రాతప్రతులను పారవేయనీయక కళాశాల పత్రికలో ప్రకటింపజేయండి. మన కళాశాలలలో ఎన్ని నాటికలు ఒక సాయంకాలం బ్రతికి, మరునాడు చిత్తుకాగితాలలో కలిసిపోయినవో లెక్క లేదు.

దసరాకు వ్రాయవలసిన నాటిక ఆషాఢంలో చేతిలో ఉండవలె. ఆలస్యమయితే సెలవులు వస్తవి, వసతిగృహంలో కొందరు మిగులుతారు, వారికి ఆడుటకు ఏమీ ఉండదు.